పళ్ళకు క్లిప్పులు – రెండేళ్ళ ఓపిక
(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసంగ పాఠం)



ఈవేళ మీతో పిల్లల పళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పుకుందామని వచ్చాను. పుచ్చిపోయిన పళ్ళ సంగతి కాదు లెండి, ఎగుడుదిగుడు పళ్ళ సంగతి. ఎత్తుపళ్ళు, పన్ను మీద పన్ను, సందులున్న పళ్ళు, పై వరసా కింద వరసా కలవని పళ్ళు – వీటిని సరిచేయడానికి ఇప్పుడు ఏ వీధిలో చూసినా ఒకరిద్దరు పిల్లల నోళ్ళలో క్లిప్పులు తళతళలాడుతున్నాయి. మా చిన్నతనంలో ఇవి ఇంతగా ఎక్కడున్నాయి? పన్ను మీద పన్ను ఉంటే అదృష్టమని పెద్దవాళ్ళు సరిపెట్టేవారు. ఎత్తుపళ్ళ పిల్ల మాత్రం ఆ అదృష్టమేదో తనకు తెలియక, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం నేర్చుకునేది.

క్లిప్పులు వేయించాలని బయలుదేరిన ప్రతి తల్లీ డాక్టరుగారిని ముందుగా అడిగే ప్రశ్న ఒకటే. “ఎన్నాళ్ళు పడుతుందండీ?” అని. ఆయన “ఏడాదిన్నర నుంచి రెండేళ్ళమ్మా” అంటారు. మనం “ఏడాదిన్నర” వరకే వింటాం. అక్కడే వస్తుంది చిక్కంతా. పద్ధెనిమిదో నెల వచ్చేసరికి “ఇంకా తీయరేమిటండీ” అని మనం, “ఇంకా కాలేదమ్మా” అని ఆయన. ఈలోగా పరీక్షలు, బదిలీలు, పెళ్ళిళ్ళు. కొందరు విసిగి మధ్యలోనే తీయించేస్తారు. ఖర్చుపెట్టిన డబ్బూ, పిల్ల పడిన బాధా గంగపాలు.

నేను డాక్టర్ని కాను. పదో తరగతితో చదువు ఆపేసిన గృహిణిని. కాని మా ఇద్దరు పిల్లలకూ, ఆ తరవాత మా అక్కయ్యగారి అమ్మాయికీ క్లిప్పులు వేయించినప్పుడు నెలనెలా వెంట వెళ్ళినదాన్ని. కుర్చీ పక్కన కూర్చుని అడగవలసినవన్నీ అడిగి తెలుసుకున్నదాన్ని. అందుచేత ఏ నెలలో ఏం జరుగుతుందో, ఎక్కడ ఓపిక పట్టాలో నాకు తెలిసినంత మేరకు చెబుతాను.

అసలు ఇంత కాలం ఎందుకు? పన్నంటే గోడకు కొట్టిన మేకు కాదండీ, పీకి పక్కన కొట్టడానికి. పంటి వేరు ఎముక గూట్లో ఉంటుంది. వేరుకీ ఎముకకీ మధ్య సన్నని నారపొర ఒకటి ఉంటుంది. క్లిప్పులోని తీగ పన్నును ఒక వైపుకు మెల్లగా నెడుతూ ఉంటే, ఆ వైపు ఎముక కొద్దికొద్దిగా కరిగి దారి ఇస్తుంది. వెనక ఖాళీ అయిన చోట కొత్త ఎముక పుడుతుంది. ముందు కరగాలి, వెనక కట్టుకోవాలి. ఇంట్లో కాపురం ఉంటూనే గోడ జరపడం లాంటిదన్నమాట. ఇదంతా సుమారుగా నెలకు ఒక మిల్లీమీటరు చొప్పున నడుస్తుంది. పిల్లవాడి స్కేలు తీసి చూడండి – అందులో అన్నిటికన్నా చిన్న గీతకూ గీతకూ మధ్య దూరమది.

“మరి కాస్త గట్టిగా బిగిస్తే తొందరగా కాదా?” అని మీకు తోచవచ్చు. కాదు. ఒత్తిడి మితిమీరితే అక్కడ రక్తం ఆడక, పన్ను కదలడం మానుకుంటుంది. నొప్పి పెరుగుతుంది, వేళ్ళ కొసలు అరిగే ప్రమాదం కూడా ఉంది. కోవా కాచేటప్పుడు మంట పెంచితే అడుగంటుతుంది గాని తొందరగా దగ్గరపడదు గదా! ఇదీ అంతే.

ఈ విద్య కొత్తదేమీ కాదు. 1728లోనే ఫ్రాన్సు దేశపు వైద్యుడు పియర్ ఫోషార్ తన పుస్తకంలో, గుర్రపునాడా ఆకారంలో ఉన్న లోహపు పట్టీకి పళ్ళను దారాలతో కట్టి వరసలోకి తెచ్చే పద్ధతి రాశాడు. 1900లో అమెరికాలో ఎడ్వర్డ్ యాంగిల్ అనే ఆయన ఒక్క ఈ విద్య కోసమే బడి పెట్టాడు. చాలాకాలం ప్రతి పంటికీ చుట్టూ ఉంగరంలాగా రేకు తొడిగి తీగ కట్టేవారు. 1955లో మైకేల్ బ్యూనోకోర్ అనే దంతవైద్యుడు, పంటి పైపొరను ఆమ్లంతో కాస్త గరుకు చేస్తే దాని మీద అతుకు గట్టిగా నిలుస్తుందని చూపించాడు. ఆ దారి పట్టుకునే ఇప్పటి చిన్న చిన్న బ్రాకెట్లు పంటికి నేరుగా అతికిస్తున్నారు. 1970ల మొదట్లో నికెల్, టైటానియం కలిపిన తీగ వచ్చింది. దాన్ని వంచి కట్టినా తన పాత ఆకారానికి రావాలని మెల్లగా లాగుతూనే ఉంటుంది. ఇన్ని మారాయి గాని, ఎముక మాత్రం తన నడక పెద్దగా మార్చుకోలేదు. ఆ సంగతి గుర్తుంచుకుంటే మనకు సగం విసుగు తగ్గుతుంది.

ఇక ఎప్పుడు చూపించాలి? ఏడో ఏట ఒకసారి చూపించడం మంచిది. అమెరికాలోని ఆర్థోడాంటిస్టుల సంఘం కూడా ఏడేళ్ళకే చూపించమని చెబుతుంది. ఏడేళ్ళకే క్లిప్పులు వేయమని కాదు సుమండీ! దవడ ఎలా పెరుగుతున్నదీ, వచ్చే పళ్ళకు చోటు ఉన్నదీ లేనిదీ తెలుస్తుందని. క్లిప్పులు వేసేది చాలామందికి పది నుంచి పద్నాలుగేళ్ళ మధ్య, పాలపళ్ళు దాదాపు అన్నీ ఊడి కొత్తవి వచ్చాక.

అంతవరకూ మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. నాలుగేళ్ళు దాటినా వేలు చీకే పిల్లల చేత మెల్లగా మానిపించండి. రాత్రుళ్ళు నోరు తెరుచుకుని నోటితో ఊపిరి పీల్చే పిల్లల్ని ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. అన్నిటికన్నా ముఖ్యం, “ఊడిపోయే పళ్ళే గదా” అని పాలపళ్ళను పుచ్చనివ్వకండి. పాల దవడపన్ను వేళకు ముందే తీసేయవలసి వస్తే, పక్కపళ్ళు ఆ ఖాళీలోకి ఒరిగిపోతాయి. కింద నుంచి రావలసిన అసలు పన్నుకు చోటుండదు. అప్పుడది ఎక్కడ సందు దొరికితే అక్కడ మొలుస్తుంది. ఆ ఖాళీని కాపాడడానికి చిన్న తీగ అమరుస్తారు. దానికయ్యే ఖర్చు తరవాత క్లిప్పులకయ్యే ఖర్చులో ఏ మూలకు?

వైద్యం ఎవరిచేత చేయించాలన్నది తరవాతి మాట. బి.డి.ఎస్. అయ్యాక మరో మూడేళ్ళు ఈ విద్యే ప్రత్యేకంగా చదివి ఎం.డి.ఎస్. పుచ్చుకున్నవారిని ఆర్థోడాంటిస్టు అంటారు. బోర్డు మీద ఆ చదువు ఉందో లేదో చూసుకోండి. అడగడానికి మొహమాటం వద్దు. ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు హైదరాబాదులోనూ విజయవాడలోనూ ఉన్నాయి. అలాంటిచోట్ల బయటికన్నా ఖర్చు బాగా తక్కువ. కాకపోతే వరసలో కూర్చునే ఓపిక కావాలి.

మొదటి రోజే క్లిప్పులు వేసేస్తారనుకోకండి. ముందు నోరంతా ఒకే పటంలో వచ్చే ఎక్స్‌రే, తలను పక్కనుంచి తీసే మరో ఎక్స్‌రే తీస్తారు. ముఖానికీ పళ్ళకూ ఫోటోలు తీస్తారు. పళ్ళ అచ్చు తీస్తారు. ఇప్పుడు కొన్నిచోట్ల అచ్చు బదులు చిన్న కెమెరా లాంటిది నోట్లో తిప్పి కంప్యూటరులో బొమ్మ తీస్తున్నారు. అవన్నీ చూసి, కొలిచి, ఆ తరవాత ఏం చేయాలో చెబుతారు. దీనికి ఒకటి రెండు వారాలు పడుతుంది. పుచ్చు పళ్ళుంటే ముందు వాటిని బాగుచేయాలి, గార తీయించాలి.

ఇక్కడే తల్లుల గుండె ఒకసారి జల్లుమంటుంది. “నాలుగు పళ్ళు తీయాలన్నారండీ, నిక్షేపంలాంటి పళ్ళు!” అని మా అక్కయ్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అందరికీ తీయరు. దవడ చిన్నదై పళ్ళు పెద్దవై ఇరుకుగా ఉన్నప్పుడు, లేదా పళ్ళు బాగా ముందుకు పొడుచుకు వచ్చినప్పుడు, కోరపంటి వెనకనుండే చిన్న దవడపన్నును పక్కకొకటి చొప్పున తీస్తారు. నలుగురు కూర్చునే బల్ల మీద ఐదుగురు సర్దుకున్నట్టుంటే ఒకరు లేవక తప్పదు గదా! ఎందుకు తీస్తున్నారో, తీయకుండా కుదురుతుందో కుదరదో డాక్టరుగారినే అడగండి. ఎక్స్‌రే చూపించి చెబుతారు. అంతేగాని పక్కింటావిడ చెప్పిందని పళ్ళు తీయించుకోవడమూ వద్దు, తీయించనని మొండికేయడమూ వద్దు.

కొందరికి క్లిప్పులు వేయడానికి కొద్ది రోజుల ముందు వెనక దవడపళ్ళ సందుల్లో చిన్న రబ్బరు రింగులు పెడతారు. పళ్ళ సందులో మామిడి పీచు ఇరుక్కున్నట్టు ఉంటుంది. పుల్లపెట్టి పీకేయకూడదని పిల్లలకు గట్టిగా చెప్పండి.

క్లిప్పులు వేసే రోజు గంట, గంటన్నర పడుతుంది. సూది ఉండదు, నొప్పి ఉండదు. నోరు తెరిచి ఉంచడమే కష్టం. పిల్ల నవ్వుతూ ఇంటికి వస్తుంది. నాలుగైదు గంటలయ్యాక మొదలవుతుంది సలుపు. మర్నాడు అన్నిటికన్నా ఎక్కువ. మూడోనాడు, నాలుగోనాడు తగ్గుముఖం పడుతుంది. వారం తిరిగేసరికి మామూలు మనిషవుతుంది. అందుచేత పరీక్ష ముందురోజో, పండగ ముందురోజో ఈ పని పెట్టుకోకండి. శుక్రవారం సాయంత్రమో శనివారమో అయితే సుఖం.

ఆ నాలుగు రోజులూ ముద్దపప్పు అన్నం, పెరుగన్నం, పాలలో నానిన ఇడ్లీ, రాగిజావ, పులగం, మెత్తగా పండిన అరటిపండు – ఇవి చాలు. నొప్పి మాత్ర డాక్టరుగారు చెప్పిన మోతాదులో వేయండి. బుగ్గల లోపల తీగ ఒరుసుకుని పుండ్లు పడతాయి. దానికి డబ్బాలో మైనం ఇస్తారు. శనగగింజంత తీసి ఉండ చేసి, ఒరుసుకునే చోట అద్దాలి. గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే హాయిగా ఉంటుంది. కొద్ది రోజుల్లో బుగ్గలు గట్టిపడి అలవాటవుతాయి.

ఒంటి నొప్పి కన్నా మనసు నొప్పి ఎక్కువగా ఉండే పిల్లలూ ఉన్నారు. బడిలో “రైలుపట్టాలు” అని ఏడిపిస్తారు. మాట రెండు మూడు రోజులు తడబడుతుంది. అద్దం ముందు నిలబడి “తీయించెయ్యమ్మా” అని ఏడ్చే పిల్లను కసురుకోకండి. డబ్బెంతైందో ఆ పూట గుర్తుచేయకండి. “వేసవి సెలవులకల్లా ముందుపళ్ళు సర్దుకుంటాయి చూడు” అని చెప్పండి. అది అబద్ధం కూడా కాదు.

ఎందుకంటే మొదటి ఆరు నెలలూ ఈ వైద్యంలో మంచి రోజులు. సన్నని తీగ వేసి వంకర పళ్ళను ముందు ఒక వరసలోకి తెస్తారు. నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి రమ్మంటారు. తీగ మారుస్తారు, మెల్లగా లావు తీగలోకి వస్తారు. తీగ మార్చినప్పుడల్లా ఒకటి రెండు రోజులు కొంచెం సలుపు ఉంటుంది. మూడు నాలుగు నెలలకే అద్దంలో తేడా కనిపిస్తుంది. చూసినవాళ్ళు “అబ్బ, అయిపోయిందే!” అంటారు. కాలేదండీ. బియ్యం ఏరడమే అయింది, ఇంకా ఎసరు కూడా పెట్టలేదు.

ఈ ఆరు నెలల్లోనే తిండి అలవాట్లు దారిలో పెట్టాలి. మన పిండివంటలన్నీ ఈ బ్రాకెట్లకు ఆగర్భశత్రువులు. జంతికలు, చేగోడీలు, సకినాలు, పల్లీపట్టీ, జీడిపాకం, చెరకు ముక్కలు, వేయించిన శనగలు – ఇవి పూర్తిగా మానిపించాలి. జామకాయ, మామిడికాయ కొరికి తినకూడదు, సన్నగా తరిగి ఇవ్వండి. మొక్కజొన్న పొత్తు గింజలు ఒలిచి మెత్తగా ఉడికించి పెట్టండి. ఆవకాయలో ఊట కలుపుకోవచ్చు గాని టెంక ముక్క నమలకూడదు. ములక్కాడ కొరికి లాగకూడదు. పెన్ను కొరకడం, గోళ్ళు కొరకడం కూడా ఇందులోకే వస్తాయి.

ఒక్క చేగోడీకి ఒక్క బ్రాకెట్ ఊడితే ఏమవుతుందని అనుకోకండి. ఆ బ్రాకెట్ ఊడిన పంటికి లాగే తీగ ఉండదు. నెలంతా జరిగిన పన్ను వెనక్కి నడుస్తుంది. మళ్ళీ అతికించి, మళ్ళీ సన్నతీగ వేసి, పాత చోటికి తేవాలి. నెలో, నెలన్నరో పోయిందన్నమాట. రెండేళ్ళలో అయిదారుసార్లు ఊడగొట్టుకున్న పిల్లకు వైద్యం రెండేళ్ళలో ఎలా పూర్తవుతుంది చెప్పండి? ఊడినా, తీగ పొడుచుకున్నా వచ్చే తేదీ దాకా ఆగకుండా ఫోను చేసి చెప్పండి.

మన వంటల్లో పసుపు ఉంటుంది గదా. బ్రాకెట్ల మీద వేసే చిన్న రబ్బరు చుట్లు, ముఖ్యంగా తెల్లవీ రంగు లేనివీ, రెండు రోజుల్లో పసుపుపచ్చగా అయిపోతాయి. కంగారు పడకండి. పంటికి పట్టిన రంగు కాదది. తరవాతిసారి వెళ్ళినప్పుడు ఆ చుట్లు మారుస్తారు. బూడిదరంగువో నీలంవో వేయించుకుంటే ఆ బాధ లేదు.

నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న నీళ్ళు తాగి పెరిగినవాళ్ళ పళ్ళ మీద గోధుమరంగు మచ్చలుంటాయి. మచ్చలు బాగా ముదిరిన పళ్ళకు బ్రాకెట్ అంటుకోవడం కొంచెం కష్టం. ముందుగానే ఆ మాట డాక్టరుగారితో చెప్పండి. అతికించేటప్పుడు ఆయన అందుకు తగిన జాగ్రత్త తీసుకుంటారు.

తిండి తరవాత శుభ్రం. ఇది అన్నిటికన్నా పెద్ద సంగతి. బ్రాకెట్ చుట్టూ మెతుకు నిలవుంటే, నెల రోజుల్లోనే పంటి మీద సున్నపు చుక్కలాంటి తెల్లమచ్చ మొదలవవచ్చు. పంటిలోని సున్నపు సత్తువ కరిగిపోయిందనడానికి అది గుర్తు. క్లిప్పులు తీశాక పళ్ళు వరసగా ఉంటాయి గాని ప్రతి పంటి మీదా చదరపు మచ్చ! ఇంత చేసీ పిల్ల మళ్ళీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవలసిందేనా? అన్నం తిన్న ప్రతిసారీ బ్రష్షు చేయాలి, బడిలో కనీసం పుక్కిలించాలి. తీగ కింద దూరే చిన్న సీసా బ్రష్షులాంటివి మందుల షాపుల్లో దొరుకుతాయి. ఫ్లోరైడు ఉన్న పేస్టు వాడండి. రాత్రి పడుకోబోయే ముందు బ్రష్షు చేయనిదే దీపం ఆర్పనని మీరు గట్టిగా కూర్చోవాలి. చిగుళ్ళు ఉబ్బి రక్తం వస్తున్నదంటే బ్రష్షు ఎక్కువై కాదు, తక్కువై.

ఇక మధ్యకాలం. సుమారు ఆరో నెల నుంచి పదిహేను, పదహారో నెల దాకా. పళ్ళు తీసినవాళ్ళకు ఆ ఖాళీలు మూసేది ఇప్పుడు. లెక్క మీరే వేయండి. తీసిన పన్ను వెడల్పు సుమారు ఏడు మిల్లీమీటర్లు. వరస సర్దడానికే అందులో కొంత పోగా మిగిలినదాన్ని నెలకు ఒక మిల్లీమీటరు చొప్పున మూయాలి. అందుకే నెలలకు నెలలు ఏమీ జరగనట్టు కనిపిస్తుంది. “వెళ్ళిన ప్రతిసారీ పది నిమిషాల్లో పంపేస్తున్నారు, డబ్బు ఊరికే పోతున్నది” అనుకునేది ఈ కాలంలోనే. జరుగుతున్నది ఎముక లోపల. మనకు కనిపించదు, అంతే. వేసినప్పుడు తీసిన ఫోటో ఒకటి ఇంట్లో ఉంచుకోండి. మూడు నెలలకొకసారి పక్కన పెట్టి చూడండి. అప్పుడు తెలుస్తుంది.

ఈ కాలంలోనే చాలామందికి పై బ్రాకెట్ నుంచి కింద బ్రాకెట్‌కు తగిలించుకునే చిన్న రబ్బరు రింగులు ఇస్తారు. పై వరసా కింద వరసా కలవడం వీటి మీదే ఆధారపడి ఉంటుంది. రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకోవాలి. భోజనానికీ బ్రష్షుకీ తప్ప తీయకూడదు. రోజూ కొత్తవి మార్చాలి. పగలు మానేసి రాత్రి రెండేసి వేసుకుంటే సరిపోతుందని పిల్లలు తెలివిగా లెక్కలు వేస్తారు. అలా కుదరదు. పన్ను ఒకనాడు ముందుకీ మర్నాడు వెనక్కీ ఊగుతుందే గాని కదలదు. డాక్టరుగారికి తెలియదనుకుంటారు గాని, నోరు తెరవగానే తెలిసిపోతుంది.

మాకు తెలిసినవాళ్ళ అమ్మాయి సంగతి చెబుతాను. పద్నాలుగో నెలలో సంబంధం కుదిరింది. “పెళ్ళి ఫోటోల్లో క్లిప్పులేమిటి, తీయించెయ్యండి” అని ఇంట్లో అందరూ పట్టుబట్టారు. డాక్టరు వద్దన్నా వినలేదు. అప్పటికి ముందువరస చక్కగానే ఉంది. పక్కన ఖాళీలు సగమే మూసుకున్నాయి. పెళ్ళైన ఏడాదికి ముందుపళ్ళు మళ్ళీ విడిపోయాయి. ఆ ఖాళీల్లో మెతుకులు ఇరుక్కోవడం, చిగుళ్ళ వాపు. అత్తవారింటి నుంచి మళ్ళీ క్లిప్పులు వేయించుకుంటానని అడగడానికి ఆ పిల్లకు రెండేళ్ళు పట్టింది. మూడురోజుల పెళ్ళి ఫోటోల కోసం మూడేళ్ళు వెనక్కి వెళ్ళింది.

దీనికి మార్గం లేకపోలేదు. పెళ్ళి కుదిరితే ఆ మాట డాక్టరుగారితో ముందుగా చెప్పండి. ఆ నాలుగు రోజులకు బయటికి కనిపించే తీగ తీసి తరవాత మళ్ళీ వేయవచ్చునేమో, రంగు చుట్లు మార్చి పంటి రంగువి వేయవచ్చునేమో ఆయనే చెబుతారు. అలాగే పదో తరగతి పరీక్షలు, ఇంటరు తరవాత హాస్టలు చదువు – వీటిని చూసుకునే మొదలుపెట్టండి. పిల్ల ఎనిమిదో తరగతిలో ఉండగా మొదలుపెడితే పదో తరగతి పరీక్షలకు ముందే ముగిసే అవకాశం ఉంటుంది. మీ వారికి బదిలీ అయితే ఎక్స్‌రేలూ అచ్చులూ, ఇంతవరకూ చేసినదేమిటో రాసిన కాగితమూ అడిగి పుచ్చుకోండి. కొత్త ఊళ్ళో డాక్టరుకు అవే ఆధారం.

చివరి మూడు నుంచి ఆరు నెలలు నగిషీ పని. ఒక పన్ను కొంచెం తిప్పాలి, మరొకటి వేరుతో సహా వాలు సరిచేయాలి. మనకు అన్నీ బాగానే కనిపిస్తాయి. “ఇంక చాలు లెండి” అనాలనిపిస్తుంది. అనకండి. పళ్ళు వరసగా ఉండడం ఒక ఎత్తు, పై పన్ను కింద పంటి మీద సరిగ్గా కూర్చోవడం మరొక ఎత్తు. రోలూ రోకలీ కుదిరినట్టు కుదిరితేనే నమలడం, పళ్ళు అరగకుండా నిలవడం.

తీసే రోజు గంట పట్టదు. నొప్పి ఉండదు. నాలుక పళ్ళ మీద జర్రున జారుతుంది. పిల్ల రోజంతా అద్దం వదలదు. మీరు పాయసం కూడా చేసుకోండి. కాని వైద్యం అయిపోయిందని మాత్రం అనుకోకండి. నేను ఇంత దూరం వచ్చింది ఈ ఒక్క మాట చెప్పడానికే.

కొత్త చోటికి వచ్చిన పన్ను పాత చోటిని మరిచిపోదండీ. చుట్టూ ఉన్న చిగుళ్ళ నారలు సాగి ఉంటాయి. అవి కొత్త చోటికి అలవాటు పడడానికి నెలలు, కొన్నిటికి ఏడాది దాకా పడుతుంది. అంతవరకూ పన్నును పట్టి ఉంచడానికి రిటైనరు ఇస్తారు. తీసి పెట్టుకునే తీగ పలక ఒక రకం, అద్దంలాంటి పలచని తొడుగు మరో రకం, ముందుపళ్ళ వెనక కనిపించకుండా అతికించే సన్నతీగ ఇంకో రకం. తీసి పెట్టుకునేవైతే మొదటి కొన్ని నెలలూ తిండివేళ తప్ప రాత్రింబవళ్ళు, ఆ తరవాత ఏళ్ళ తరబడి రాత్రిళ్ళు. “ఎన్నేళ్ళు?” అంటే, పళ్ళు వరసగా ఉండాలన్నన్నాళ్ళు. అద్దాలు పెట్టుకునేవాళ్ళు ఎన్నేళ్ళని అడుగుతారా? ఇదీ అలాంటిదే.

ఈ రిటైనరు పోయేది ఎక్కడో తెలుసా? హోటల్లో. తినేముందు తీసి కాగితంలో చుట్టి పళ్ళెం పక్కన పెడతారు. బల్ల తుడిచే కుర్రాడు ఆ కాగితం తీసి చెత్తలో వేస్తాడు. తీస్తే డబ్బాలోనన్నా ఉండాలి, నోట్లోనన్నా ఉండాలి. మూడో చోటు లేదు. వేడినీళ్ళతో కడిగితే వంకరపోతుంది. చన్నీళ్ళతోనే కడగాలి. పోయినా విరిగినా ఆ వారంలోనే కొత్తది చేయించండి. నెల ఆగితే అదిక పట్టదు.

డబ్బు సంగతి కూడా మొదట్లోనే తేల్చుకోండి. ఎక్స్‌రేలు, పళ్ళు తీయడం, ఊడిన బ్రాకెట్ మళ్ళీ అతికించడం, చివర రిటైనరు – ఇవన్నీ చెప్పిన మొత్తంలోనివేనా, విడిగా ఇవ్వాలా? వాయిదాల మీద కట్టవచ్చా? కాగితం మీద రాయించుకుంటే ఇద్దరికీ మంచిది. రిటైనరుకు డబ్బు మిగల్చకుండా క్లిప్పులకు ఖర్చుపెట్టడం, కప్పు వేయకుండా గోడలు కట్టి వదిలేయడమే.

కనిపించని పారదర్శకపు తొడుగులు కూడా వచ్చాయి గదా అంటారు. వచ్చాయి. వారానికో రెండు వారాలకో ఒక జత మార్చాలి. అవి కూడా రోజుకు 20 నుంచి 22 గంటలు ఉండాలి. తీయగలిగినవి కాబట్టి తీసి పెట్టేసే పిల్లలకు పనికిరావు. అందరి పళ్ళకూ సరిపోవు. అక్కడా ఎముక నడక ఎముకదే.

ఇదంతా పిల్లల కోసమేనా, మనకు కాదా? మన వయసులోనూ పళ్ళు కదులుతాయి. చిగుళ్ళు, ఎముక గట్టిగా ఉండాలి, ముందు వాటి వైద్యం పూర్తికావాలి, కాలం కాస్త ఎక్కువ పట్టవచ్చు, అంతే తేడా. నలభై ఏళ్ళదానికి ఇప్పుడెందుకీ సోకని ఎవరైనా అంటే అననివ్వండి. ఇరవై ఏళ్ళుగా చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్న మనిషికి ఆ చెయ్యి దించాలనిపిస్తే అది సోకెలా అవుతుంది?

అలాగని కొంచెం వంకరున్న ప్రతి పంటికీ క్లిప్పులు అక్కరలేదు. నమలడానికి ఇబ్బంది లేదు, శుభ్రం చేసుకోవడానికి అడ్డం లేదు, పిల్లకు దాని మీద దిగులూ లేదు – అప్పుడు వదిలేయవచ్చు. పెళ్ళి సంబంధాల భయంతో మాత్రం పిల్లను కుర్చీలో కూర్చోబెట్టకండి. ముందు పిల్లను అడగండి. రెండేళ్ళు జంతికలు మానుకోవలసిందీ, రాత్రి నిద్రకళ్ళతో బ్రష్షు చేసుకోవలసిందీ, రబ్బర్లు మార్చుకోవలసిందీ తనే. ఒప్పుకున్న పిల్ల నెగ్గుకొస్తుంది. ఒప్పుకోని పిల్లకు మన బలవంతం ఆరో నెల దాకా కూడా నడవదు.

కాబట్టి మొదలుపెట్టిన రోజున గోడ మీది క్యాలెండరులో రెండేళ్ళు గుర్తు పెట్టుకోండి. ఏడాదిన్నరకే అయిపోతే సంతోషం, మరో నాలుగు నెలలు పట్టినా బెంగ ఉండదు. వెళ్ళవలసిన తేదీ తప్పవద్దు, గట్టివి తినిపించవద్దు, రాత్రి బ్రష్షు మానిపించవద్దు, రిటైనరు మరవనివ్వద్దు. ఈ నాలుగూ మన చేతిలోవి. మిగతాది డాక్టరుగారూ, పిల్ల ఎముకా చూసుకుంటారు.